బేస్‌బాల్ క్యాచర్‌గా మేజర్ లీగ్ దాకా: పని, శరీరం, దారి, డబ్బు

మీ ప్రశ్నలు నాలుగు. అమెరికాలో పెరుగుతున్న పన్నెండేళ్ల అబ్బాయిని బేస్‌బాల్ ట్రావెల్ టీమ్ (ఊళ్లు తిరిగి టోర్నమెంట్లు ఆడే పిల్లల జట్టు) కోచ్ క్యాచర్‌గా, అంటే బ్యాటర్ వెనక కూర్చుని బంతి అందుకునేవాడిగా పెట్టారు, అది మంచిదేనా? ప్రొఫెషనల్ క్యాచర్ జీవితం నిజంగా ఎలా ఉంటుంది? మోకాళ్లు, తల దెబ్బతింటాయన్న భయంలో నిజమెంత? ఇప్పుడు ఏం నేర్పించాలి? ముందు పని గురించి చెబుతాను. ఆ పని తెలియకపోతే ఈ పొజిషన్‌లో కెరీర్ ఎందుకు అంత ఆలస్యంగా మొదలవుతుందో, ఆట మానేశాక కూడా ఎందుకు కొనసాగుతుందో అర్థం కాదు.

మీవాడు కుడిచేతివాటం అన్నారు కాబట్టి మొదటి గండం గడిచినట్టే. ఎడమచేత్తో విసిరేవాళ్లను ఈ పొజిషన్‌లోకి దాదాపు రానివ్వరు. అమెరికా బేస్‌బాల్‌లో అన్నింటికన్నా పై మెట్టయిన మేజర్ లీగ్‌లో చివరిసారిగా ఒక లెఫ్ట్ హ్యాండర్ క్యాచర్‌గా కనిపించింది 1989లో, పిట్స్‌బర్గ్ తరఫున బెన్నీ డిస్టెఫానో.

మనవాళ్లకు క్యాచర్ అనగానే వికెట్ కీపర్ గుర్తొస్తాడు. కూర్చునే తీరు వరకు ఆ పోలిక సరిపోతుంది, ఆపైన సరిపోదు. ప్రతి బంతికీ ఏం వెయ్యాలో కీపర్ బౌలర్‌కి చెప్పడు. క్యాచర్ మాత్రం పిచర్‌కి, అంటే బంతి విసిరేవాడికి, చెబుతాడు. ఫీల్డ్‌లో మిగతా ఎనిమిదిమంది అతనివైపు తిరిగి నిలబడతారు, మైదానమంతా ఎదురుగా కనిపించేది అతనొక్కడికే. ఇన్‌ఫీల్డ్ (బేస్‌ల దగ్గరుండే ఫీల్డర్లు) ఎక్కడ నిలబడాలి, బంట్ (బ్యాటర్ మెల్లగా నేలకు తట్టిన బంతి) పడితే ఎవరు తీయాలి, ఏ బేస్‌కి విసరాలి అని అరిచి చెప్పే బాధ్యత కూడా అతనిదే.

తల్లిదండ్రులు ఎక్కువమంది క్యాచర్ విలువను సెకండ్ బేస్‌కి (పరుగు కోసం రన్నర్ దాటాల్సిన మజిలీల్లో రెండోదానికి) విసిరే వేగంతో కొలుస్తారు. షోకేస్‌లలో (స్కౌట్‌లు, కాలేజీ కోచ్‌ల ముందు పిల్లలు ఆడి చూపే చోట) స్టాప్‌వాచ్ పట్టుకునేది దానికోసమే కాబట్టి అలా అనుకోవడం సహజం. కానీ స్టీల్ ప్రయత్నాలు, అంటే పిచర్ విసురుతుండగానే రన్నర్ తర్వాతి బేస్‌కి పరుగెత్తడాలు, ఒక మ్యాచ్‌లో ఒకటో రెండో ఉంటాయి, ఒక్కోసారి అసలే ఉండవు. పిచ్‌లు (పిచర్ విసిరే బంతులు) మాత్రం ఒక్కో టీమ్‌కి 140, 150 దాకా పడతాయి. వాటిలో బ్యాట్‌కి తగలనివన్నీ అందుకోవాలి. అందుకోవడం రాని క్యాచర్‌ని పిచర్లు నమ్మరు. రన్నర్ థర్డ్ బేస్ మీద ఉన్నప్పుడు స్లైడర్‌ని (పక్కకు వంగే పిచ్‌ని) నేలకు కొట్టడానికి జంకుతారు, దాన్ని కాస్త పైకి వేస్తారు, అది కాస్తా హిట్ అవుతుంది. ఆ నష్టం ఏ స్కోర్‌షీట్‌లోనూ క్యాచర్ పేరు మీద పడదు గానీ కోచ్‌లకు తెలుస్తుంది. అందుకే వరస ఇలా పెట్టుకోండి: రిసీవింగ్ (పిచ్ అందుకోవడం) మొదటిది, బ్లాకింగ్ (నేలకు తగిలే పిచ్‌ని ఒంటితో ఆపడం) రెండోది, విసరడం మూడోది. బ్యాటింగ్ అన్నింటితోపాటు సాగాలి, ఎందుకంటే పై మెట్టుకు టికెట్ అదే.

గంటకు 95 మైళ్ల ఫాస్ట్‌బాల్ పిచర్ చేతిలోంచి ప్లేట్ (బ్యాటర్ పక్కన నేలమీదుండే హోమ్ బేస్) చేరడానికి సుమారు 0.4 సెకన్లు పడుతుంది. అంత తక్కువ వ్యవధిలో మిట్‌ని (క్యాచర్ గ్లోవ్‌ని) బంతి దగ్గరికి పొడిచినట్టు తీసుకెళ్తే, బంతి తగిలిన ఊపుకి మిట్ స్ట్రైక్ జోన్ (ప్లేట్ మీదుగా ఉండే ఊహా చట్రం, అందులోంచి వెళ్తే స్ట్రైక్, బ్యాటర్ కొట్టబోకుండా బయట పోతే బాల్) బయటికి జరిగిపోతుంది. అంపైర్‌కి కనిపించేది ఆ జరగడమే. జోన్ అంచున పడ్డ మంచి పిచ్ కూడా బాల్ అయిపోయేది ఇలాగే. సరైన పద్ధతిలో పిచర్ చెయ్యి ఎత్తే సమయానికి మిట్‌ని వదులుగా కిందికి, దాదాపు నేలదాకా దించుతారు. అక్కడినుంచి బంతి కిందికి చేరి, అందుకుంటూనే పైకి, జోన్‌లోకి తెస్తారు. మోకాలి ఎత్తులో వచ్చే పిచ్‌లకు బొటనవేలు కిందివైపు తిరిగి ఉండాలి. మోచెయ్యి బిగిస్తే మిట్ వణుకుతుంది. అందుకున్నాక మిట్‌ని పట్టుకుని అలాగే రెండు సెకన్లు చూపిస్తూ కూర్చుంటే అంపైర్‌కి కోపం వస్తుంది. అందుకోవడం, కదలిక ఒకే చర్యలా ఉండాలి.

దీన్నే ఫ్రేమింగ్ అంటారు. 2008 ప్రాంతంలో ప్రతి పార్కులో కెమెరాలు పిచ్ జాడను కొలవడం మొదలుపెట్టాక దీని విలువ అంకెల్లోకి వచ్చింది. బాల్ కావలసినదాన్ని స్ట్రైక్ చేస్తే సగటున పరుగులో ఎనిమిదో వంతు లాభమని లెక్కగడతారు. చిన్నదిగా కనిపిస్తుంది గానీ సీజన్‌లో వేల పిచ్‌ల మీద అదే పదుల పరుగులు అవుతుంది. బ్యాటింగ్ అంతగా లేని హోసే మోలీనా లాంటివాళ్లకు అంతకాలం ఉద్యోగం ఎందుకు ఉందో అప్పుడు అందరికీ అర్థమైంది. గత కొన్నేళ్లలో దాదాపు అందరూ ఒక మోకాలు నేలకు ఆనించి కూర్చునే పద్ధతికి మారిందీ ఇందుకే. తక్కువ ఎత్తులో వచ్చే పిచ్ కిందికి మిట్ సులువుగా చేరుతుంది. పాతకాలపు కోచ్‌లు కొందరు ఇది బద్ధకమంటారు, బ్లాకింగ్ పోతుందంటారు. సరిగ్గా నేర్పితే పోదు. మోకాలు ఆనించినా బరువు పాదాల లోపలి అంచుల మీద ఉంటే పక్కకు జారడం కష్టం కాదు. పిరుదులు మడమ మీద వేసి కూలబడితేనే పోతుంది.

2026 సీజన్ నుంచి మేజర్ లీగ్‌లో బాల్, స్ట్రైక్ నిర్ణయాలను సవాలు చేసే ఏబీఎస్ పద్ధతి వచ్చింది కదా, ఇక ఫ్రేమింగ్ ఎందుకని మీకు అనిపించవచ్చు. అక్కడ నిర్ణయం చెప్పేది ఇప్పటికీ మనిషే. ఒక్కో టీమ్‌కి రెండు సవాళ్లతో మ్యాచ్ మొదలవుతుంది, నెగ్గిన సవాలు తిరిగి వస్తుంది. తలమీద తట్టి సవాలు చేసే హక్కు బ్యాటర్, పిచర్, క్యాచర్ ముగ్గురికే, అదీ వెంటనే, డగౌట్ (జట్టు కూర్చునే చోటు) సాయం లేకుండా. ప్రయోగ దశలో పిచర్ల కన్నా క్యాచర్లు చేసిన సవాళ్లే ఎక్కువగా నెగ్గాయి, పిచర్‌కి తన ప్రతి పిచ్చూ స్ట్రైక్ లాగే కనిపిస్తుంది కాబట్టి. అంటే క్యాచర్‌కి ఇంకో పని పెరిగింది: 17 అంగుళాల ప్లేట్ అంచుని కచ్చితంగా గుర్తుపట్టడం, ఏ కౌంట్‌లో (ఎన్ని బాల్స్, ఎన్ని స్ట్రైక్స్ ఉన్నప్పుడు) సవాలు ఖర్చుపెట్టాలో ఎంచుకోవడం. మీవాడికి ఇప్పట్లో ఇది ఎదురుకాదు, అందుకోవడం మాత్రం ఈ వారమే అవసరం.

బ్లాకింగ్‌లో పిల్లలు చేసే తప్పు ఒకటే, నేలకు కొట్టిన బంతిని పట్టుకోబోవడం. పట్టుకోకూడదు, దాని వేగాన్ని చంపాలి. మిట్ ముందు నేలకు, రెండు కాళ్ల సందు మధ్యకు వెళ్లాలి. మోకాళ్లు దాని వెంట పడాలి. ఖాళీ చెయ్యి మిట్ వెనక దాగాలి. గడ్డం ఛాతీకి ఆనాలి, భుజాలు ముందుకు వంగాలి. అప్పుడు బంతి చెస్ట్ ప్రొటెక్టర్‌కి తగిలి మూడడుగుల లోపల పడి ఆగుతుంది, రన్నర్ కదలడు. భయంతో ముఖం పక్కకు తిప్పితే మాస్క్ కాపాడలేని చెవి, మెడ బంతికి ఎదురవుతాయి. ఆ వయసు పిల్లలకు దెబ్బలు తగిలేది ఎక్కువగా అలాగే. వెనక్కి వాలితే ఛాతీ పలకలాగా మారి బంతి పది అడుగులు ఎగిరిపోతుంది. ప్రాక్టీసు మెత్తటి బంతులతో, రోజుకు 12 నుంచి 15 చాలు. గట్టి బంతులతో యాభైసార్లు కొట్టించే కోచ్ పిల్లాడికి భయం నేర్పిస్తున్నాడు.

ఇక విసరడం. మేజర్ లీగ్ కొలతల్లో హోమ్ నుంచి సెకండ్‌కి 127 అడుగుల పైచిలుకు. బంతి క్యాచర్ మిట్‌లో పడ్డ క్షణం నుంచి సెకండ్ దగ్గర ఫీల్డర్ గ్లోవ్‌లో పడేదాకా పట్టే కాలాన్ని పాప్ టైమ్ అంటారు. మేజర్ లీగ్ సగటు 2.0 సెకన్ల చుట్టూ ఉంటుంది. 1.9 అంటే చాలా మంచిది, జే.టీ. రియల్‌మూటో లాంటివాళ్లు అంతకన్నా తక్కువలో విసిరారు. అందులో 0.7 సెకన్ల దాకా మిట్‌లోంచి బంతి తీసి చెయ్యి కదిలించడానికే పోతుంది, మిగతాదే బంతి ప్రయాణం. చెయ్యి బలం పెంచి పదో వంతు సెకను తగ్గించాలంటే ఏళ్లు పట్టవచ్చు. పాదాలు, బంతి మార్పిడి సరిచేస్తే అదే పదో వంతు నెలల్లో వస్తుంది. కుడిపాదం మిట్ కిందికి చిన్న అడుగు వెయ్యాలి, మిట్ బంతితో సహా కుడి చెవి వైపు రావాలి, చెయ్యి అక్కడే బంతిని అడ్డకుట్ల మీద పట్టుకోవాలి. పిల్లలు చెయ్యిని ముందుకు చాచి మిట్‌లో బంతిని వెతుక్కుంటారు, ఆలస్యమంతా అక్కడే.

మంచి రన్నర్‌కి ఫస్ట్ నుంచి సెకండ్ చేరడానికి 3.3 నుంచి 3.5 సెకన్లు పడుతుంది. పిచర్ కదలిక మొదలైనప్పటి నుంచి బంతి ప్లేట్ చేరడానికి 1.3 సెకన్లు, ఆపైన పాప్ టైమ్ 2.0. మొత్తం 3.3. అవుట్ చేసే అవకాశం ఉంది. పిచర్ 1.6 తీసుకుంటే 3.6 అయిపోయింది, ఇక క్యాచర్ ఎవరైనా ఒకటే. అందువల్ల మీవాడి మ్యాచ్‌లో బేస్‌లు దొంగిలిస్తుంటే ముందు పిచర్ మీద స్టాప్‌వాచ్ పెట్టండి. 2023లో బేస్‌లను 15 అంగుళాల నుంచి 18 అంగుళాలకు పెంచి, పిచర్ రన్నర్ వైపు విసిరి చూసే అవకాశాలకు పరిమితి పెట్టాక మేజర్ లీగ్‌లో స్టీల్స్ 2022లోని 2,486 నుంచి ఒక్క ఏడాదిలో 3,503కి పెరిగాయి. క్యాచర్ల చేతులు ఒక్క శీతాకాలంలో బలహీనపడలేదు కదా.

పెద్దగా ఎవరూ నేర్పని ఇంకో చిన్న విద్య ప్లేట్ వెనక గాల్లోకి లేచే పాప్-అప్. దాని స్పిన్ వల్ల బంతి దిగేటప్పుడు మళ్లీ ఇన్‌ఫీల్డ్ వైపు వంగుతుంది. అందుకే క్యాచర్ ఇన్‌ఫీల్డ్‌కి వీపు పెట్టి నిలబడాలి. మాస్క్ తీసి చేతిలోనే ఉంచుకుని, బంతి కనబడ్డాక అవతలివైపు దూరంగా విసరాలి. వెంటనే పారేస్తే తన మాస్క్ మీదే కాలు పడుతుంది.

తర్వాతది పిచ్ ఎంపిక, ప్రొఫెషనల్ జీవితంలో రోజులో సగం తినేసేది. 2022 నుంచి పిచ్‌కామ్ అనే పరికరం వచ్చింది. క్యాచర్ బటన్ నొక్కితే పిచర్ టోపీలో శబ్దం వినిపిస్తుంది. వేళ్ల సైగలు చాలావరకు పోయాయి, ఆలోచన మాత్రం పోలేదు. ఈ బ్యాటర్ నిన్న దేనికి తప్పాడు, ఇవాళ పిచర్ చేతిలో ఏ పిచ్ పనిచేస్తోంది, పిచ్ క్లాక్‌లో (పిచ్ వెయ్యడానికి గడువు చూపే గడియారంలో) ఎన్ని సెకన్లు మిగిలాయి, అంపైర్ ఇవాళ లోపలి అంచు ఇస్తున్నాడా, అన్నీ పది సెకన్లలో. క్లాక్ ఖాళీ బేస్‌లప్పుడు 15 సెకన్లు, రన్నర్లుంటే 18. తొమ్మిది సెకన్లు మిగిలేసరికి క్యాచర్ తన చోట కూర్చుని ఉండాలి. కాలేజీల్లో, ట్రావెల్ టీమ్‌లలో చాలాచోట్ల కోచ్ డగౌట్ నుంచే నంబర్లు చెబుతాడు, క్యాచర్ రిస్ట్‌బ్యాండ్ చూసి పంపుతాడు. దానివల్ల ప్రొఫెషనల్‌లోకి వచ్చిన పిల్లలకు స్వయంగా పిచ్ ఎంచడం రాదు, మైనర్ లీగ్‌లో (మేజర్ లీగ్ కింది మెట్ల ప్రొఫెషనల్ ఆటలో) మొదటి రెండేళ్లు అదే నేర్చుకుంటారు. మీ కోచ్‌ని అడిగి నెలకో మ్యాచ్ అయినా మీవాడినే పిచ్‌లు ఎంచుకోనివ్వమనండి. ప్రతి ఇన్నింగ్స్ తర్వాత ఎందుకు ఎంచాడో రెండు మాటల్లో చెప్పించాలి.

ప్రొఫెషనల్ క్యాచర్ రోజు ఇలా సాగుతుంది. మ్యాచ్ రాత్రి ఏడింటికైతే మధ్యాహ్నం ఒంటిగంట, రెండింటికి పార్క్ చేరతాడు. ట్రైనర్ దగ్గర తుంటి, చీలమండ, భుజం వదులు చేయించుకుంటాడు. పావుగంట, ఇరవై నిమిషాలు మెషీన్‌తో రిసీవింగ్. తర్వాత ఆ రోజు పిచర్, పిచింగ్ కోచ్‌తో ప్రత్యర్థి బ్యాటర్ల మీద మీటింగ్. అది కాగానే తన బ్యాటింగ్ మీటింగ్, బ్యాటింగ్ ప్రాక్టీస్. మ్యాచ్‌కి అరగంట ముందు బుల్‌పెన్‌లో పిచర్‌ని వార్మప్ చేయించాలి. రెండున్నర గంటలకు పైగా ఆట, మధ్యలో ప్రతి ఇన్నింగ్స్‌కీ డగౌట్‌లో పిచర్ పక్కన కూర్చోవడం. మ్యాచ్ తర్వాత ఐస్, చికిత్స, విలేకరులు. వేసవి రాత్రుల్లో ఆ కవచం కింద రెండు కిలోలకు పైగా బరువు చెమటగా పోవడం మామూలే. సీజన్‌కి 162 మ్యాచ్‌లు, మొదటి క్యాచర్ 110 నుంచి 130 దాకా ప్లేట్ వెనక ఉంటాడు. ఫిబ్రవరిలో శిక్షణకు పిచర్లు, క్యాచర్లు మిగతావాళ్ల కన్నా ముందే చేరతారు, అక్కడ ముప్పై మందికి పైగా పిచర్ల చేతివాటం, కోపతాపాలు తెలుసుకోవాలి. వాళ్లలో చాలామంది డొమినికన్ రిపబ్లిక్, వెనిజులా నుంచి వచ్చినవాళ్లు. స్కూల్లో మీవాడు స్పానిష్ తీసుకునేలా చెయ్యండి. బ్యాటింగ్ కేజ్ ఖర్చు కన్నా అది ఎక్కువ ఉపయోగపడే పొజిషన్ ఇదొక్కటే.

దారి సంగతికొస్తే, అమెరికాలో చదివే పిల్లలకు డ్రాఫ్ట్ (టీమ్‌లు కొత్త ఆటగాళ్లను వరసగా ఎంచుకోవడం) జులైలో జరుగుతుంది, ఇప్పుడు 20 రౌండ్లు. హైస్కూల్ అయ్యాక ఒకసారి, నాలుగేళ్ల కాలేజీలో చేరితే మూడో ఏడాది అయ్యాక లేదా 21 నిండాక మళ్లీ అర్హత వస్తుంది. క్యాచర్‌కి కాలేజీ దారే మంచిదని నా గట్టి అభిప్రాయం. పద్దెనిమిదేళ్లవాడికి 95 మైళ్ల పిచర్లను నడిపించే బుర్ర, శరీరం రెండూ సిద్ధంగా ఉండటం అరుదు. బస్టర్ పోసీ ఫ్లోరిడా స్టేట్‌లో షార్ట్‌స్టాప్‌గా చేరి అక్కడే క్యాచర్ అయ్యాడు. 2008లో అయిదో ఎంపికగా వెళ్లి, 2010లో రూకీ ఆఫ్ ది ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు), 2012లో ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అయ్యాడు. అదే కాలేజీ నుంచి 2018లో మూడో రౌండ్‌లో వెళ్లిన కాల్ రాలీ 2021లో సియాటిల్ తరఫున వచ్చి, 2025లో 60 హోమ్ రన్లు కొట్టాడు. అంతకుముందు క్యాచర్లలో ఒక సీజన్ రికార్డు సాల్వడోర్ పెరెజ్ 2021లో కొట్టిన 48.

ఇవి పైస్థాయి కథలు. ఎక్కువమంది దారి ఎరిక్ క్రాట్జ్‌ది లాంటిది. 2002లో 29వ రౌండ్‌లో ఎంపికై, మేజర్ లీగ్‌లో మొదటి మ్యాచ్ ఆడేసరికి 2010 వచ్చింది, అప్పటికి వయసు 30. ఆ తర్వాత టీమ్‌లు మారుతూ రెండో క్యాచర్‌గా పదేళ్లు లాగాడు. వేరే పొజిషన్‌లో ముప్పై ఏళ్ల కొత్తవాడికి తలుపు తెరుచుకోదు. క్యాచర్‌కి తెరుచుకుంటుంది, ఎందుకంటే ప్రతి మేజర్ లీగ్ టీమ్‌కి కనీసం ఇద్దరు కావాలి, దాని కింది మెట్టు ట్రిపుల్-ఏలో ఇంకో ఇద్దరు సిద్ధంగా ఉండాలి, గాయాలు ఆగవు. కానీ ఆ ఎనిమిదేళ్లు మైనర్ లీగ్ జీతం మీద బతకాలి. 2023లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏడాదికి కనీస జీతం అట్టడుగు కాంప్లెక్స్ లీగ్‌లో 19,800 డాలర్లు, సింగిల్-ఏలో 26,200, హై-ఏలో 27,300, డబుల్-ఏలో 30,250, ట్రిపుల్-ఏలో 35,800గా మొదలైంది. మేజర్ లీగ్ కనీసం 2026లో 7,80,000 డాలర్లు. ఈ రెండంకెల మధ్య దూరమే ఆ జీవితపు ఒత్తిడి. మేజర్ లీగ్‌లో ఉన్న ప్రతిరోజూ సర్వీస్ లెక్కలోకి వస్తుంది. మామూలుగా మూడేళ్లయ్యాక జీతం ఆర్బిట్రేషన్‌కి (మధ్యవర్తుల నిర్ణయానికి) వెళ్తుంది, ఆరేళ్లయ్యాక ఆటగాడు తనకిష్టమైన టీమ్‌కి వెళ్లవచ్చు. 22 ఏళ్లకు డ్రాఫ్టై, 25, 26కి పైకి వచ్చే క్యాచర్ ఆ స్వేచ్ఛ దొరికేసరికి 32కి చేరతాడు, అప్పటికి శరీరం తగ్గుముఖం పడుతుంది. అందుకే రాలీ లాంటివాళ్లు ముందుగానే దీర్ఘకాల ఒప్పందం చేసుకుంటారు. అతను 2025 మార్చిలో ఆరేళ్లకు 105 మిలియన్ డాలర్లకు సంతకం చేశాడు.

ఇప్పుడు మీ అసలు భయం. మోకాళ్ల గురించి అందరూ అడుగుతారు, తల గురించి తక్కువమంది అడుగుతారు. అది తిరగబడాలి. మోకాలి దగ్గర ముందు దెబ్బతినేది మెనిస్కస్ అనే మెత్తటి దిండు లాంటి కార్టిలేజ్. అంతకన్నా ముందే తుంటి బిగుసుకుపోతుంది. తుంటి కదలకపోతే ఆ పనంతా మోకాలు, నడుము మీద పడుతుంది. రోజూ పది నిమిషాల తుంటి, చీలమండ వ్యాయామం ఈ భారాన్ని బాగా తగ్గిస్తుంది. ఇవాన్ రోడ్రిగెజ్ 19 ఏళ్లకు వచ్చి మొత్తం 2,427 మ్యాచ్‌లు ప్లేట్ వెనక కూర్చున్నాడు, అది రికార్డు. యాడియర్ మోలీనా 2004 నుంచి 2022 దాకా సెయింట్ లూయిస్ ఒక్క టీమ్‌కే 2,184. కాబట్టి శరీరం ఓర్చుకోవడం అసాధ్యం కాదు.

తలమీద ఫౌల్ టిప్ (బ్యాట్ అంచుకి తగిలి నేరుగా వెనక్కి దూసుకొచ్చే బంతి) వేరే సంగతి. మూడుసార్లు బ్యాటింగ్ టైటిల్ గెలిచిన ఏకైక అమెరికన్ లీగ్ క్యాచర్ జో మావర్ 2013 ఆగస్టులో మాస్క్‌కి తగిలిన ఫౌల్ టిప్ వల్ల కంకషన్ (మెదడు అదిరే గాయం) పాలయ్యాడు. మరుసటి ఏడాది నుంచి ఫస్ట్ బేస్‌కి మారిపోయాడు. మైక్ మాథెనీ కంకషన్ల వల్ల ఆటే మానేయాల్సి వచ్చింది. పిల్లాడు దెబ్బ తర్వాత వెలుతురు భరించలేకపోయినా, అడిగిన ప్రశ్ననే మళ్లీ అడిగినా, వాంతి వచ్చినట్టున్నా, నిద్రమత్తుగా ఉన్నా ఆ రోజు ఆట ముగిసినట్టే. డాక్టర్ ఒప్పుకునేదాకా మళ్లీ మాస్క్ పెట్టకూడదు, ఎంత పెద్ద టోర్నమెంటైనా సరే.

ప్లేట్ దగ్గర ఢీకొట్టడాలు మాత్రం తగ్గాయి. 2011 మేలో పోసీ కాలు విరిగి చీలమండ లిగమెంట్లు తెగాక చర్చ పెరిగి, 2014లో నియమం మారింది. బంతి చేతిలో లేకుండా క్యాచర్ రన్నర్ దారి మూయకూడదు, రన్నర్ దారి వదిలి క్యాచర్ మీదికి రాకూడదు. కొత్త ప్రమాదం బ్యాట్. తక్కువ పిచ్‌లను అందుకోవడానికి క్యాచర్లు బ్యాటర్‌కి దగ్గరగా జరుగుతున్నారు, బ్యాట్ చేతికి తగులుతోంది. 2024 మేలో విల్సన్ కాంట్రెరస్ ముంజేయి అలాగే విరిగింది. మీవాడు మిట్ చాచినా బ్యాటర్ వెనక మోకాలికి అందనంత దూరంలో కూర్చోవాలి. అందితే ఒక చేతెడు వెనక్కి జరగాలి.

సామాను కొనేటప్పుడు పెరిగే పిల్లాడు కదా అని పెద్ద సైజు కొనకండి, ముఖ్యంగా మిట్. మిట్‌ని చుట్టుకొలతతో కొలుస్తారు. పెద్దవాళ్లది 33 నుంచి 34 అంగుళాలు, పన్నెండేళ్లవాడికి 32 చుట్టూ సరిపోతుంది. పెద్దది పెడితే మణికట్టు వాలిపోతుంది, బంతి దాని లోతులో ఇరుక్కుని మార్పిడి ఆలస్యమవుతుంది. బొటనవేలు వెనక్కి విరగకుండా గట్టి థంబ్ గార్డ్ వేయించండి. హాకీ తరహా హెల్మెట్, మాస్క్ రెండూ కలిసినది తీసుకోండి, కింద వేలాడే గొంతు గార్డ్ తప్పనిసరి. 1976లో స్టీవ్ యేగర్ మెడలో విరిగిన బ్యాట్ ముక్కలు దిగాకే ఆ గార్డ్ పుట్టింది. చెస్ట్ ప్రొటెక్టర్ మీద గుండెదెబ్బ నుంచి కాపాడే నాక్సీ (క్రీడా సామాను భద్రతా సంస్థ) ప్రమాణపు ముద్ర ఉందో లేదో చూడండి, 2020 నుంచి హైస్కూల్ ఆటకు అది తప్పనిసరి. అది కాలర్ ఎముక కప్పాలి, పొట్ట దగ్గర వేలాడకూడదు. కప్ (తొడల మధ్య భాగాన్ని కాపాడే గార్డ్) లేకుండా ప్రాక్టీసులో కూడా కూర్చోనివ్వకండి. ఖాళీ చెయ్యి రన్నర్లు లేనప్పుడు కుడి చీలమండ వెనక, ఉన్నప్పుడు బొటనవేలు లోపలికి ముడిచిన పిడికిలిగా మిట్ వెనక ఉండాలి. విరిగిన వేళ్లన్నీ ఈ అలవాటు లేక విరిగినవే అనడం పెద్ద అతిశయోక్తి కాదు.

చెయ్యి విషయంలో మీరే కాపలా ఉండాలి. పిచర్ పిచ్‌లు అందరూ లెక్కపెడతారు, క్యాచర్ విసిరినవి ఎవరూ లెక్కపెట్టరు. ప్రతి పిచ్ తర్వాత బంతిని తిరిగి విసిరేది అతనే. పిల్లల ఆట నడిపే లిటిల్ లీగ్ నియమం ప్రకారం ఒక మ్యాచ్‌లో 41 లేదా అంతకన్నా ఎక్కువ పిచ్‌లు వేసినవాడు ఆ రోజు ఇక క్యాచర్‌గా ఆడకూడదు. నాలుగు ఇన్నింగ్స్‌లు క్యాచర్‌గా ఉన్నవాడు ఆ రోజు పిచ్ చెయ్యకూడదు. ట్రావెల్ టోర్నమెంట్లు అన్నీ దీన్ని పాటించవు, కాబట్టి మీరే పట్టుబట్టండి. రోజుకు ఒక మ్యాచ్, వారాంతంలో రెండు, అంతకన్నా ప్లేట్ వెనక వద్దు. టీమ్‌లో రెండో క్యాచర్ లేకపోతే తయారుచెయ్యమనండి. ఏడాదిలో రెండు, మూడు నెలలు వరసగా విసరడం పూర్తిగా ఆపించండి.

ఇంట్లో వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాలు సరిపోతాయి. పదిహేను అడుగుల దూరం నుంచి టెన్నిస్ బంతులు ఉత్త చేత్తో 30, తర్వాత మిట్‌తో 30, సగం మోకాలి ఎత్తులోనే వెయ్యాలి. బంతి లేకుండా పాదాల అడుగు 20 సార్లు. పూర్తి దూరం విసరడం వారానికి రెండుసార్లు, పదేసి చాలు. షార్ట్‌స్టాప్, థర్డ్ బేస్ కూడా ఆడుతూనే ఉండాలి. మైక్ పియాజా, పోసీ ఇద్దరూ వేరే పొజిషన్ నుంచి వచ్చినవాళ్లే. అటుపోయే దారీ ఉంది: కెన్లీ జాన్సెన్ మైనర్ లీగ్‌లో క్యాచర్, చేతి బలం చూసి 2009లో పిచర్‌గా మార్చారు, తర్వాత పేరున్న క్లోజర్ (మ్యాచ్ ముగించడానికి చివర్లో దిగే పిచర్) అయ్యాడు.

ఆట ఆపేశాక క్యాచర్‌కి పని దొరకడం మిగతావాళ్లకన్నా సులువు. నాలుగు వరల్డ్ సిరీస్‌లు గెలిచిన మేనేజర్ బ్రూస్ బోచీ రెండో క్యాచర్‌గా ఆడినవాడు. స్టీవెన్ వోట్ 2022లో ఆట మానేసి 2024లో క్లీవ్‌లాండ్ మేనేజర్ అయి, ఆ ఏడాదే అమెరికన్ లీగ్ ఉత్తమ మేనేజర్ అయ్యాడు. పోసీ 2024లో శాన్ ఫ్రాన్సిస్కో బేస్‌బాల్ వ్యవహారాల అధ్యక్షుడయ్యాడు. మేజర్ లీగ్ చేరనివాళ్లకు కూడా బుల్‌పెన్ క్యాచర్, మైనర్ లీగ్ కోచ్, స్కౌట్ ఉద్యోగాలు ఉంటాయి. జీతాలు పెద్దవి కావు, జీవితం ఆట దగ్గరే గడుస్తుంది.

మనలాంటి వలస కుటుంబాలకు వచ్చే చిక్కు ఒకటుంది, దాన్ని పదిహేడో ఏట కాదు, ఇప్పుడే చూసుకోండి. అబ్బాయి అమెరికాలో పుట్టినవాడైతే ఇబ్బంది లేదు. హెచ్-4 మీద ఉంటే జీతం తీసుకుని ఆడే హక్కు ఆ వీసాకి లేదు, 21 నిండితే ఆ హోదా కూడా పోతుంది. డ్రాఫ్ట్ చేసిన టీమ్ ఆటగాళ్ల కోసం ఉండే పీ-1 వీసా పెట్టాల్సి ఉంటుంది. కాలేజీకి ఎఫ్-1 మీద వెళ్తే స్కాలర్‌షిప్ తీసుకోవచ్చు గానీ పేరు, ఫొటో వాడుకున్నందుకు కంపెనీలిచ్చే డబ్బు తీసుకుంటే వీసాకే ముప్పు. కాలేజీ కోచ్‌లతో మాటలు మొదలయ్యే తొమ్మిది, పదో తరగతిలోపు ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి కూర్చుని, గ్రీన్ కార్డ్ వరసలో మీ తేదీ ఎక్కడుందో, అబ్బాయి 21 దాటేలోపు అది వస్తుందో లేదో లెక్క వేయించుకోండి.